చివరి నుంచి మూడో జట్టు

ఆ శనివారం సాయంత్రం క్లబ్బు గదిలో టీ కెటిల్ నిండిన ప్రతిసారీ ఇట్టే ఖాళీ అయిపోయింది. పెళ్లింట్లో కూడా అంత సందడి ఉండదు. తీరా చూస్తే వాళ్లు గెలిచింది కప్పు కాదు, ఆ పూట ఆట కూడా కాదు. ఆట డ్రా అయింది. పద్నాలుగు జట్లున్న ఫుట్‌బాల్ లీగులో వాళ్ల జట్టు చివరి నుంచి మూడోదిగా నిలిచింది. చివరి రెండు జట్లూ కింది మెట్టుకు దిగిపోతాయి. మూడోది ఉన్నచోటే ఉంటుంది. ఉన్నచోట ఉన్నందుకే ఆ సంబరమంతా.

"వదినా, నాకు ఇంకో కప్పు!" అని కేకేశాడు సెంటర్ ఫార్వర్డు, బురద బూట్లతోనే బల్ల ఎక్కి కూర్చుని.

"తాగు నాయనా, తాగు. నువ్వు ఎత్తబోయే కప్పులు ఇవే" అంది వదిన కెటిల్ వంచుతూ.

గది గొల్లుమంది.

క్లబ్బులో అందరికీ ఆమె వదినే. మైదానం చూసుకునే ఆమె భర్త అందరికీ అన్న కాబట్టి ఆమె వదిన అయింది. పొద్దున లేస్తే రోలరు లాగుతూ కనిపిస్తాడని ఆయనకు రోలరన్న అని పేరు పడింది. వయసులో ఆయనకన్నా చాలా పెద్దవాడైన సెక్రటరీ కూడా ఆయన్ని అన్న అనే అంటాడు, ఈమెను వదిన అనే పిలుస్తాడు. "ఇంతమంది మరుదుల బట్టలు ఉతకమని నా నుదుట రాసి పెట్టి ఉంది" అని జెర్సీలు ఆరేసేటప్పుడల్లా ఆమె నవ్వేది.

వాళ్ల కాపురం గ్యాలరీ కింద. మెట్లు మెట్లుగా జనం కూర్చునే కట్టడం కిందనే రెండు గదులు. పైకప్పు కూడా మెట్లు మెట్లుగానే ఒక పక్కకు వాలిపోతూ ఉంటుంది. వంటగదిలో పొయ్యి దగ్గర నిలబడొచ్చు, మూలనున్న బియ్యం డబ్బా దగ్గరికి మాత్రం ఎంతటివాళ్లైనా వంగే వెళ్లాలి. గోలు పడితే పైన జనం కాళ్లు తపతపలాడిస్తారు. సున్నం పొడి వచ్చి కూరలో పడుతుంది. ఆట రోజున గిన్నెల మీద మూతలు పెట్టుకోవడం ఆమెకు కాపురానికి వచ్చిన కొత్తలోనే అలవాటైంది. "ఈ ఏడంతా కూర శుభ్రంగానే ఉందే" అనేవారు అత్తగారు, జట్టు గోల్సు చేయలేకపోతున్న సంగతి ఎత్తిపొడుస్తూ. ఆవిడ మైదానం వైపున్న వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని ప్రతి ఆటా చూస్తారు. రెఫరీలకు ఆవిడ పెట్టే పేర్లు బయట చెప్పుకునేవి కావు.

లీగు మెట్ల లెక్క వదినకు మొదట అర్థమైంది వంటింట్లోనే. పెళ్లైన కొత్తలో ఒక ఆదివారం, "ఓడితే ఏమవుతుందండీ? వచ్చే వారం మళ్లీ ఆడతారుగా" అని అడిగింది. రోలరన్న ఏదో ఘోరం విన్నట్టు చూసి, నేల మీద గ్లాసులు పరచడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇది మొదటి మెట్టు. దేశం మొత్తానికి ఒకటే లీగు. టీవీలో వచ్చేది ఇదే." దాని కింద ఇంకో గ్లాసు. "రెండో మెట్టు. ఇదీ ఒకటే." దాని కింద రెండు. "మూడో మెట్టు రెండు ముక్కలు, ఉత్తరం, దక్షిణం. కిందికి వెళ్లేకొద్దీ జట్లు ఎక్కువ, డబ్బు తక్కువ. దూరాలు పోయి ఆడలేరు కదా, అందుకని ముక్కలు చేస్తారు. నాలుగో మెట్టు నాలుగు ముక్కలు. ఐదోది ఎనిమిది." ఐదో మెట్టుకు వచ్చేసరికి ఇంట్లో గ్లాసులు అయిపోయాయి. మూతలు పెట్టాడు, గరిటె పెట్టాడు, ఆఖరికి ఉప్పు డబ్బా తెచ్చి పెట్టాడు. "ఈ ఉప్పు డబ్బా మనం."

"మంచిదే. మనం లేకపోతే దేనికీ రుచి ఉండదు" అంది కొత్త పెళ్లికూతురు.

"ప్రతి ముక్కలోనూ మొదట వచ్చినవాడు పైకి వెళ్తాడు. చివర వచ్చినవాళ్లు కిందికి దిగుతారు. ఈ డబ్బాలో ఉన్న జట్టు ఏటా గెలుస్తూ పోతే ఆ పై గ్లాసు దాకా వెళ్లొచ్చు. ఎవడూ ఆపలేడు."

"ఎవరైనా వెళ్లారా?"

రోలరన్న కాసేపు గ్లాసుల వంక చూసి, "దారి ఉంది కదా" అన్నాడు.

ఆ దారి పైకెంతో కిందికీ అంతే అని ఆమెకు తర్వాత తర్వాత తెలిసింది. ఉప్పు డబ్బా కింద ఆరో మెట్టు ఉంది. ఆరో మెట్టు జట్లకు సొంత మైదానాలుండవు. ఊరి పార్కుల్లో వంతులేసుకుని ఆడుకుంటాయి. ఈ మైదానం నగరపాలక సంస్థది. జట్టు ఐదో మెట్టులో ఉన్నన్నాళ్లే అది క్లబ్బు చేతిలో ఉంటుంది. దిగిపోయిన మరుక్షణం వెనక్కి తీసుకుని లారీలు నిలిపే స్థలం చేస్తామని రెండేళ్లుగా అంటూనే ఉన్నారు. అప్పుడు మైదానమూ ఉండదు, మైదానం చూసేవాడూ ఉండడు, గ్యాలరీ కింద రెండు గదులూ ఉండవు. ఆ ఏడాది పొడుగునా వదిన ప్రతి శనివారం సాయంత్రం మొదట అడిగింది స్కోరు కాదు, "కింద నుంచి ఎన్నోవాళ్లం?" అని.

అందుకే ఆ సాయంత్రం సెక్రటరీ టీ కప్పు పైకెత్తి, "ఇంకో ఏడాది ఆయుష్షు!" అన్నప్పుడు ఆమె కళ్లు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, ఒక కప్పు పట్టుకుని బయటికి వెళ్లింది. రోలరన్న గోలు ముందు మోకాళ్ల మీద కూర్చుని, బూట్లు పెకలించిన మట్టిబెళ్లల్ని ఒక్కొక్కటే తిప్పి చోట్లో అదుముతున్నాడు.

"ఇవాళైనా లేవొచ్చు కదండీ. గట్టెక్కాం."

"గట్టెక్కింది మనం. గడ్డి ఎక్కలేదు" అన్నాడు ఆయన తల ఎత్తకుండానే. కానీ టీ తాగుతుంటే మొహం నిండా నవ్వుంది. ఆ రాత్రి ఇంట్లో అందరూ ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు.

ఆదివారం పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు.

తమ్ముడు నది అవతలి ఊళ్లో గోల్‌కీపరు. వాళ్ల జట్టు ఒక మెట్టు పైన, నాలుగో దాంట్లో ఆడుతుంది. వచ్చిన కొత్తలో అక్కడివాళ్లు అతన్ని గోడ అనేవారు. ఈ ఏడు తలుపు అంటున్నారు.

"అక్కా, బావని పంపవే. ఇప్పుడే, ఈ క్షణం" అన్నాడు.

సంగతి ఇదీ. వారం రోజుల వానకి వాళ్ల మైదానం చెరువైపోయింది. వాయిదా పడిన ఆఖరి ఆట ఆ సాయంత్రమే ఆడాలి, సీజన్‌కి అదే గడువు. ఆడే వీలు లేదని రెఫరీ తేలిస్తే రెండు జట్లకూ చెరో పాయింటు ఇచ్చి చాప చుట్టేస్తారు. ఆ ఒక్క పాయింటు వస్తే చాలు, తమ్ముడి జట్టు ఆ మెట్టులోనే ఉండిపోతుంది. ఓడితే దిగిపోతుంది. కాబట్టి వాళ్లంతా వానకి దండం పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క తమ్ముడు తప్ప.

"రెండో మెట్టు క్లబ్బు మనిషి నన్ను చూడ్డానికి వస్తున్నాడక్కా. నా కోసమే. వచ్చే ఏడు నాకు ముప్పై దాటుతుంది, ఇంక ఎవడు చూస్తాడు? ఆట జరక్కపోతే వచ్చిన కారులోనే వెనక్కి పోతాడు. మా మైదానం చూసేవాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బావ ఒక్కడు వస్తే ఆరిపోతుంది, నాకు తెలుసు."

"మరి ఓడితే?"

"ఓడతామా? నేను లోపల నిలబడితే?"

రోలరన్న పక్క మీద నుంచే అంతా విన్నాడు. "వాళ్ల మైదానంలో మనకేం పని? ఆరునెలల తర్వాత దొరికిన మొదటి ఆదివారం, పడుకోనీ" అని అటు తిరిగాడు.

"వాడు నోరు తెరిచి ఎప్పుడైనా ఏదైనా అడిగాడా మిమ్మల్ని?"

"పోయిన నెల స్కూటరు అడిగాడు."

"అది వేరు." ఆమె దుప్పటి లాగేసింది. "మన గండం గడిచింది. వాడి గండం కూడా గడిపించి రండి. మీకంటే నీళ్లు తోడగలిగినవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు?"

చివరి మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆయన లేచి కూర్చున్నాడు. లేచి, తాను పడుకున్న పరుపు వంక చూశాడు. స్పాంజి పరుపు. "ఇది కావాలి" అన్నాడు.

"ఏం చేస్తారు?"

"నాలుగు ముక్కలు చేస్తాను. గుంటల మీద వేసి తొక్కితే వైపర్ల కంటే తొందరగా తాగుతుంది నీళ్లు."

అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. "మొగుడూ పెళ్లాల పరుపు కోసుకుపోయి ఊరివాళ్ల బురద తుడుస్తారుటర్రా!"

"మళ్లీ కుట్టేస్తాలెండి అత్తయ్యా" అంది వదిన, కత్తిపీట అందిస్తూ.

క్లబ్బు వ్యాన్లో పరుపు ముక్కలు, రంపపు పొట్టు బస్తాలు, ఇసుక, ఇనుప చువ్వలు వేసుకుని బయల్దేరారు. పాతరోజుల్లోనైతే నది చుట్టూ తిరిగి వెళ్లేసరికి పొద్దు వాలేది. ఆ చలికాలంలోనే కొత్త వంతెన తెరిచారు. వ్యాను దాని మీదుగా జారుకుంటూ పోయి, టీ తాగినంతసేపట్లో అవతలి ఊళ్లో తేలింది. "చూశారా, పుట్టిల్లు దగ్గరైపోయింది" అంది వదిన. తమ్ముడున్న చోటే ఆమెకు పుట్టిల్లు. అంతకుమించి ఎవరూ లేరు.

అక్కడ వాళ్లకు ఎవరూ ఎదురు రాలేదు. ఆ ఊరి మైదానం మనిషి స్టూలు మీద కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నాడు. కోచ్ వ్యాను చూసి, "ఎవరు పిలిచారు వీళ్లని?" అని పళ్లు కొరికాడు. తమ్ముడు బూటు లేసులు కట్టుకుంటూ తల దించుకున్నాడు. పిలిచింది వీడొక్కడే అనీ, జట్టులో ఇంకెవరికీ ఈ ఆట అక్కర్లేదనీ వదినకు కళ్లారా చూస్తే గానీ బోధపడలేదు. పోదాం పదండి అని భర్త చెయ్యి పట్టుకోబోయింది. కానీ పైకెళ్లే ఆశతో వచ్చిన ఎదుటి జట్టు మేనేజరు అప్పటికే ఆయన్ని కౌగిలించుకున్నాడు. రెఫరీ, "ప్రయత్నించండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ఇంక రోలరన్నను ఆపడం ఎవరి తరం?

ఆయన ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. ముందు నడుస్తూ పాదాలతోనే వాలు కనిపెట్టాడు. చువ్వతో గుచ్చుకుంటూ పోయాడు, గుచ్చిన ప్రతిచోటా నీరు గుటకలు వేస్తూ దిగిపోయింది. వదిన పరుపు ముక్క గుంటలో వేసి దాని మీద ఎక్కి తొక్కింది, బరువెక్కిన ముక్కని గీత అవతలికి ఈడ్చి పిండింది, మళ్లీ వేసింది. ఎదుటి జట్టు కుర్రాళ్లు వచ్చి చెయ్యి కలిపారు. తమ పరుపు మీద పరాయి మగాళ్లు బూట్లతో గెంతుతుంటే ఆమెకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మధ్యాహ్నానికి ఎండ కూడా వచ్చింది. గోలుపోస్టుల ముందు ఇసుక, దానిమీద పొట్టు, దానిమీద రోలరు. పచ్చగా, చదునుగా, ఒక మైదానం నీళ్లలోంచి పైకి తేలింది.

రెఫరీ బంతి పట్టుకుని నడిచాడు. అక్కడక్కడా వదిలి చూశాడు. బంతి లేచింది. ఒక్క గోలు ముందర మాత్రం లేవలేదు, చప్పున చతికిలబడింది. రెఫరీ అక్కడే ఆగి, రోలరన్న వైపు తిరిగాడు.

"ఏమంటారు? మీరు చెప్పండి."

కోచ్ ఊపిరి బిగబట్టాడు. తమ్ముడు రెండు చేతులూ జోడించాడు. వదినకు తన భర్త మొహమే కనిపిస్తోంది. బురద కొట్టుకున్న ఆ మొహంలో ఆమెకు తెలిసిన పట్టుదలే ఉంది.

"ఆడొచ్చు" అన్నాడు రోలరన్న.

ఆట గురించి చెప్పుకోవడానికి ఎంతో లేదు. మొదటి గోలు తమ్ముడి చేతుల్లోంచే జారింది. రెండోదానికి ముందుకు ఉరికాడు, ఆ బంతి లేవని చోటే కాలు జారి కూలబడ్డాడు, బంతి నింపాదిగా పక్కనుంచి దొర్లిపోయింది. గ్యాలరీలో ఎవడో "తలుపు తీసే ఉందిరా, రండి!" అన్నాడు. విరామానికి ముందే కోటు వేసుకున్న ఒక మనిషి లేచి, మోకాళ్లు దులుపుకుని, గేటు వైపు నడవడం వదిన చూసింది. తమ్ముడూ చూశాడు. ఆ తర్వాత ఇంకో రెండు పడ్డాయి. అప్పటికి వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

ఆట అయ్యాక డ్రెస్సింగు రూములో తమ్ముడు ఒక మూల, మిగతా జట్టంతా ఇంకో మూల. మధ్యలో చెయ్యి పెట్టి చూస్తే మంచు తగిలేట్టుంది. గుమ్మంలో అక్కని చూసి, "వెళ్లిపోయాడా?" అని మాత్రం అడిగాడు.

"ఎప్పుడో" అంది.

"నా వల్లే దిగిపోయారు వీళ్లంతా."

ఆమె కాదని చెప్పబోయింది. పక్కనున్నవాళ్ల చూపులు చూసి ఊరుకుంది. వాడి తల నిమిరి, గ్లవ్స్ విప్పి, చిన్నప్పుడు బడి నుంచి వస్తే చేసినట్టు చేతులు తుడిచి వచ్చేసింది. తిరుగుదారిలో వంతెన మీద, "నేనే పంపాను మిమ్మల్ని" అంది. "నీదేం లేదు. వాడు పట్టుకోవలసింది" అన్నాడు రోలరన్న. అప్పటికింకా వాళ్లు పడుతున్న బాధ తమ్ముడి కోసమే.

సోమవారం పొద్దెక్కాక సెక్రటరీ వచ్చాడు. మామూలుగా గుమ్మంలోంచే "వదినా, టీ!" అనే మనిషి, చప్పుడు చేయకుండా వచ్చి వెనక మెట్టు మీద అత్తగారి పక్కన కూలబడ్డాడు. రోలరన్న కంచె మీద పరుపు ముక్కలు ఆరేస్తున్నాడు.

"లీగు కమిటీ నుంచే వస్తున్నా" అన్నాడు సెక్రటరీ. "మనం దిగిపోయాం."

"నిన్ననే గదయ్యా ఆయుష్షు పోశావు!" అన్నారు అత్తగారు.

"మొన్న" అన్నాడు ఆయన. దిద్దడానికి అదొక్కటే మిగిలినట్టు.

వదిన టీ కప్పు ఆయన చేతికిచ్చింది. ఆయన తాగలేదు. దాన్ని మెట్టు మీద పెట్టాడు, పక్కనే అత్తగారి మంచినీళ్ల గ్లాసు పెట్టాడు.

"మన పైన నాలుగో మెట్టు ఉందా, దాని కింద రెండు లీగులు. నదికి ఇవతలున్నది మనది, అవతలున్నది వేరే. నాలుగో మెట్టు నుంచి ఏటా రెండు జట్లు దిగుతాయి. నదికి ఎటువైపువి అటు పోతాయి. ఈసారి ఇవతల నుంచి ఒకటి మన దాంట్లోకి దిగింది. మన దాంట్లోంచి ఒకటి పైకెళ్లింది. అక్కడికి లెక్క సరి. చివరి రెండు దిగుతాయి, కింది నుంచి రెండు వస్తాయి. పద్నాలుగు పద్నాలుగే. నేను వేసిన లెక్క ఇదే. ముప్పై ఏళ్లుగా ఇదే వేస్తున్నా."

"మరేం మారింది?" అంది వదిన.

"నిన్న దిగిన రెండోది మీ తమ్ముడి జట్టు. అవతలి ఊరు కదా, అవతలి లీగుకే పోతుందనుకున్నా. నిబంధన మాత్రం నది అనదట. రోడ్డు దూరం అంటుందట. వంతెన లేనప్పుడు రెండూ ఒకటే. ఇప్పుడు ఆ ఊరు మనకే దగ్గర." సెక్రటరీ టీ కప్పు మెల్లగా గ్లాసు దగ్గరికి జరిపాడు. "మన దాంట్లోకి ఒకటి రావలసింది, రెండు వచ్చాయి. పదిహేనైపోయాం. లీగులో పద్నాలుగే ఉండాలి. చివరి నుంచి మూడోది కూడా దిగాలి."

పైన గ్యాలరీ మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"నిన్న వాళ్లు డ్రా చేసి ఉంటే?" అని రోలరన్న అడిగాడు. ఆయన చేతిలో పరుపు ముక్క అలాగే ఉంది.

"వాళ్ల పైనున్న జట్టు దిగేది. అది చాలా దూరం, వంతెన ఉన్నా లేకపోయినా అవతలికే." సెక్రటరీ తల పట్టుకున్నాడు. "అసలు ఆ ఆట జరగకూడదన్నా. జరిగేది కాదు. ఎవడో మహానుభావుడు వచ్చి ఆ చెరువంతా తోడి పోశాడట. కమిటీలో అందరూ చెప్పుకుంటున్నారు, అంత బాగా ఆరబెట్టాడట."

కంచె మీది పరుపు ముక్కల్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. సెక్రటరీ వాటిని చూశాడు. ముక్కలకు పట్టిన ఎర్రమట్టి చూశాడు. ఇవతలి మట్టి నలుపు. ఆయన లేచి నిలబడ్డాడు.

"వస్తా వదినా" అన్నాడు. రోలరన్నని అన్నా అని పిలవకుండానే వెళ్లిపోయాడు.

అత్తగారు అంతసేపూ బిగబట్టుకున్నది అప్పుడు బయటపడింది. "తమ్ముడు, తమ్ముడు అని పక్కమీద మనిషిని లేపి పంపావు. ఇప్పుడు పడుకోవడానికి పక్కా లేదు, పరుచుకోవడానికి చోటూ లేదు. చల్లబడిందా కడుపు?"

వదిన గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అనవలసినవన్నీ ఆవిడ అనేశారు, తనకు తాను చెప్పుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

"ఊరుకో అమ్మా" అన్నాడు రోలరన్న. "దాని తప్పు కాదు."

"మరెవరిది? నదిదా, వంతెనదా?"

"నాది." ఆయన మాట చాలా మామూలుగా వచ్చింది. "ఆ గోలు ముందర నేల పనికిరాదు. నాకు మధ్యాహ్నమే తెలుసు. కింద బంకమట్టి, ఎంత తోడినా ఊరుతూనే ఉంది. రెఫరీ నన్నే అడిగాడు. ఆడకూడదు అని ఒక్క మాటంటే సరిపోయేది." ఆయన చేతుల వంక చూసుకున్నాడు. "పొద్దుట్నుంచి చేసి, అంతమంది చూస్తుండగా, నా వల్ల కాలేదు అని చెప్పడానికి నోరు రాలేదు. అంతే."

వదిన ఆయన వైపు చూసింది. ఇన్నేళ్లలో ఆయన తన మైదానం పనికిరాదని ఎవరి ముందూ అనలేదు. వానలోనూ, ఎండలోనూ, జ్వరంలోనూ అనలేదు. ఆ గొప్ప తెలిసే, ఎక్కడ తగలాలో అక్కడ తగిలేట్టు ఆమె ఆదివారం పొద్దున ఆ మాట అంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆయన అనడు.

సాయంత్రానికి పరుపు పైపైన ఆరింది. లోపల తడి అలాగే ఉంది. నొక్కితే అవతలి ఊరి బురద వాసన వస్తోంది. వదిన మైదానం వైపు గుమ్మంలో కూర్చుని గోనెలు కుట్టే సూదితో ముక్కలు కలిపి కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు ముక్కల్లో ఒకటి బాగా నలిగి చిన్నదైపోయింది. ఎటు తిప్పి పెట్టినా మధ్యలో సందు మిగులుతోంది.

ఎదురుగా గోలు ముందు రోలరన్న ఉన్నాడు. ఏటా సీజన్ అయిన సోమవారం ఆయన చేసే పని ఒకటుంది. గోలుపోస్టుల ముందు గడ్డి మిగలదు కదా, అక్కడి మట్టి గుల్లచేసి కొత్త విత్తనం చల్లుతాడు. ఇవాళా బస్తా తెచ్చుకున్నాడు. ఒడిలో పోసుకుని, వంగి, చెయ్యి అటూ ఇటూ ఊపుతూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"ఎవరి కోసంరా అది? లారీల కోసమా?" అని అత్తగారు లోపల్నుంచి అరిచారు. ఆయన వినిపించుకోలేదు.

ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా." ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసిన గొంతు. "జట్టులో నాతో ఎవరూ మాట్లాడట్లేదు. కోచ్ నా సామాను తీసి బయటపెట్టమన్నాడు, మళ్లీ వద్దులే అన్నాడు. వేరే గోల్‌కీపరు దొరకడు కదా, దిగిపోయిన జట్టుకి ఎవడొస్తాడు?"

"అన్నం తిన్నావా?"

"తింటాలే. అక్కా, ఇందాకే తెలిసింది. మమ్మల్ని మీ లీగులో వేశారట, వంతెన మూలంగా." ఆ గొంతులో మొదటిసారిగా చిన్న వెలుగు వచ్చింది. "అదొక్కటే నాకు ఊరట. వచ్చే ఏడు మీ మైదానానికే వస్తాం ఆడ్డానికి. ఆట కాగానే గ్యాలరీ కింద నీ వంటింట్లో కూర్చుంటాను. ఇంకెవరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. వినపడుతోందా?"

వదిన సూది పరుపులోనే గుచ్చి వదిలేసింది. చెప్పాలి. ఇప్పుడు కాకపోతే రేపు ఇంకెవరో చెప్తారు. చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

"వినపడుతోందిరా" అంది.

"బావకి చెప్పు, గోలు ముందర గడ్డి ఒత్తుగా పెంచమని. ఈసారి కాలు జారకూడదు."

మైదానం అవతలి కొసన రోలరన్న ఒడి దులిపాడు. చివరి గింజలు కూడా మట్టిలో పడ్డాక వంగి, అరచేత్తో నేలను నిమురుతున్నాడు.

"చల్లుతున్నారు" అంది వదిన. "ఇక్కడే కూర్చుని చూస్తున్నా."